రెండో మగ్గం

ఆమధ్య టీవీలో ఒకాయన టై కట్టుకుని కూర్చుని చెబుతున్నాడు. మన రాష్ట్రంలో కుటుంబాలు పెట్టే ఖర్చు బాగా పెరిగిందట, అంటే జనం బాగుపడ్డారట. ఖర్చు పెరిగితే బాగుపడ్డట్టని నీకెవరు చెప్పారయ్యా అని టీవీ మీద కేకలేశాను. మా ఆవిడ సరళ వంటింట్లోంచి తొంగిచూసి, "ఆయనకి వినపడదు గానీ పక్క ఫ్లాటు వాళ్ళకి వినపడుతుంది, కాస్త మెల్లగా తిట్టండి" అంది. మా అక్క రత్నం సోఫాలో ఓ మూలకి ఒదిగి కూర్చునుంది. కంట్లో శుక్లం తీయించి అప్పటికి వారం రోజులైంది, నల్లద్దాలు పెట్టుకునుంది. "ఏమంటన్నాడ్రా ఆయన?" అని అడిగింది. "మనమంతా బాగుపడ్డామంటక్కా" అన్నాను. "అట్టనా! ఎప్పుడు?" అంది. వెటకారం కాదు. వెటకారమంతా నాకొచ్చింది, అక్కకి రాలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

అక్కని నేనే వెళ్ళి తీసుకొచ్చాను. చల్లపల్లి దగ్గర మా నేతపల్లెలో, మా బావ పోయిన దగ్గర్నుంచీ, రెండు గదుల రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. పిల్లల్లేరు. చూపు మసకబారి దారం కనిపించకపోయేదాకా నేసింది, కనిపించడం మానేశాక మగ్గం దిగింది. వచ్చేటప్పుడు గుడ్డ సంచిలో నాలుగు చీరలు తెచ్చుకుంది. సరళ వాటిని బీరువాలో సర్దుతుంటే గదంతా గంజి వాసన. ఇస్త్రీ గంజి కాదు, కొంచెం పులిసిన బియ్యపు గంజి, దానికింద చెమ్మ పట్టిన మట్టి. ఆ వాసన నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు దాటేదాకా నా ఒంటిదీ అదే వాసన. బళ్ళో రైతుల పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. ఉద్యోగం వచ్చాక సబ్బులు మార్చి మార్చి దాన్ని వదిలించుకున్నాను. బీరువా తలుపు మూసేసి వరండాలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

మా ఇల్లు గవర్నర్‌పేట వెనక సందులో, మూడో అంతస్తులో. పొద్దున్నే సంచి పట్టుకుని కిందికి దిగితే సాయంత్రానికి జేబులో ఏమీ మిగలదు. కూరగాయలు, పాలు, గ్యాసు బండ, లిఫ్టు రిపేరని ఒకసారి, నీళ్ళ ట్యాంకరని ఒకసారి అపార్టుమెంటు వాళ్ళు వసూలు చేసేవి, నా బీపీ మాత్రలు, సరళ మోకాళ్ళ మాత్రలు. నాకు పింఛనొస్తుంది, మంచి పింఛనే, ఇబ్రహీంపట్నం థర్మల్లో ముప్ఫై ఏళ్ళు చేసినందుకు. అయినా నెలాఖరుకి నేనూ సరళా ఒకరి మొహం ఒకరం చూసుకోవడం తప్పదు. అక్క ఇవన్నీ చూస్తూ కూర్చునేది. కొత్తిమీర కట్ట ధర వింటే దాని కాడలు కూడా పారేయనిచ్చేది కాదు. రెండో కూర వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టేది. "ఇయ్యాళ కూరా పచ్చడీ రెండూ ఎందుకమ్మాయ్, రేపుండొద్దా?" అని సరళని మందలించేది. సరళకి మొదట్లో నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత తను కూడా రెండో కూర మానేసింది. ఇదేనయ్యా టైగారూ, మేం బాగుపడ్డం.

మా చిన్నప్పటి వీధి గురించి ఇప్పుడెవరైనా రాస్తే మగ్గాల చప్పుడు సంగీతంలా ఉండేదంటూ మొదలెడతారు. సంగీతమూ లేదు, పాడూ లేదు. తెల్లారకముందే మొదలయ్యే ఆ టకటకకి నిద్రపట్టక చచ్చేవాళ్ళం. ఇంట్లో సగం మగ్గానిదే. నేలలో గొయ్యి, గోతిలో నాన్న కాళ్ళు, వానాకాలం ఆ గోతిలో ఊటనీళ్ళు. మిగిలిన సగంలో మేం నలుగురం, పొయ్యి, రాట్నం, దండెం. అక్కా నేనూ బడికి వెళ్ళేముందూ వచ్చాకా రాట్నం దగ్గర కూర్చుని నాడెలో పెట్టే కండెలకి దారం చుట్టాలి. అక్క పది చుట్టేలోగా నేను నాలుగు చుట్టేవాణ్ణి. అమ్మ లెక్క అడిగితే అక్క తనవి రెండు నావైపు తోసేది. అమావాస్య రోజు మగ్గాలకి సెలవు. ఆ ఒక్కరోజూ వీధంతా ఎవరో పోయినంత నిశ్శబ్దంగా ఉండేది. మా నాన్నకి ఏం చెయ్యాలో తోచక పొద్దుట్నుంచీ మా అందరి మీదా విసుక్కునేవాడు.

నెలకోసారి పడుగుకి గంజి పెట్టే రోజు వచ్చేది. నిలువు దారాలన్నీ వీధి పొడుగునా చాచి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతూ ఎండ ముదిరేలోపు ఆరబెట్టాలి. గంజి తాగని దారం మగ్గం మీద నిలవదు, పుటుక్కున తెగిపోతుంది. అందుకని ఆ రోజు అమ్మ నాలుగింటికే లేచి పెద్ద డేగిసాలో బియ్యం మెత్తగా ఉడికించి, గుడ్డలో వేసి పిండేది. చిక్కటి గంజంతా పడుగుకి. గుడ్డలో మిగిలిన పిప్పి ఉప్పూ పచ్చిమిరపకాయా వేసి మాకు. ముందు పడుగు తినాలి, తర్వాతే మనుషులు, ఇది మా ఇళ్ళలో ఎవరూ ఎదురాడని పద్ధతి. పడుగు బలంగా ఉంటే చీర బాగుంటుంది, చీర బాగుంటే మజూరీ కోతపడదు. మాకు ఆ పిప్పి ఇష్టమేనని అమ్మ అందరికీ చెప్పేది. నాకెప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మజూరీ అన్నాను కదా, అదీ అసలు సంగతి. మా తాత రోజుల్లో మా ఇంట్లో రెండు మగ్గాలు, నూలు మాది, చీర మాది, అమ్ముకునేదీ మేమే. తాత పోయాడు. ఆ తర్వాత నూలు ధర ఒక్కసారిగా మండిపోయి, సొంతంగా కొనే ఓపిక లేక, నాన్న కూడా వీధిలో అందరిలాగే షావుకారు దగ్గర చేరాడు. నూలు ఆయనిస్తాడు, జరీ ఆయనిస్తాడు, చీర నేసి ఆయనకివ్వాలి, చీరకింతని మజూరీ. అంటే కూలి. కానీ ఆ మాట మా వీధిలో ఎవరూ నోటితో అనరు. మగ్గం మీదున్నంతసేపూ సరుకు నేసేవాడిదే, ఎవరడిగినా "మాదే" అనాలి. ఒకడి మగ్గం మీద సరుకు షావుకారుదని బయటివాళ్ళ ముందు ఇంకొకడు అంటే తగువే. అందులో మా నాన్న అందరినీ మించిపోయాడు. షావుకారింటికి వెళ్ళాల్సిన రోజు లాల్చీ ఇస్త్రీ చేయించుకుని, కండువా మడతలు చూసుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు వెళ్ళేవాడు. మూలనున్న తాత మగ్గం విరిగిన కర్రలతో, సాలెగూళ్ళతో పడుండేది. దాన్ని అమ్మెయ్యమని అమ్మ ఎన్నిసార్లు పోరినా వినలేదు. రెండు మగ్గాల ఇల్లు అనిపించుకోవడం ఆయనకి అన్నంకన్నా ముఖ్యం.

అప్పుడే చౌక బియ్యం కార్డులు రాయడానికి మనిషొస్తున్నాడని తెలిసింది. బీదవాళ్ళకి ఒక రంగు కార్డు, కలవాళ్ళకి ఇంకో రంగు. మొదటి కార్డుకి బియ్యమొస్తాయి, రెండోదానికి పంచదారా కిరసనాయిలూ వస్తే వస్తాయి. ఆ పొద్దున వీధి చివరింటి నుంచి కబురు ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వచ్చింది: సరుకు సొంతమంటే కార్డు రాదు, షావుకారుదని చెప్పండి. అంతే, అంత పౌరుషమున్న వీధీ ఒక్క పూటలో కూలివాళ్ళ వీధైపోయింది. పక్కింటి వీరాస్వామి బాబాయి మగ్గం మీద పాత దుప్పటి కప్పి, జరీ ఉండలు గాబు వెనక దాచి, పిల్లలకి చొక్కాలు విప్పించి గుమ్మంలో కూర్చోబెట్టాడు. మా అమ్మ కూడా దుప్పటి తీసుకొచ్చింది. "చాల్లే, అవతల పెట్టు. శవానికి కప్పినట్టు మగ్గానికి దుప్పటి కప్పుతారటే?" అని నాన్న గసిరాడు. అప్పుడు మగ్గం మీద జరీ అంచు చీర సగం దాకా వచ్చుంది. వంకాయరంగు మీద మామిడిపిందెలు. షావుకారు కూతురి కోసం నేయిస్తున్నాడని వీధిలో అందరికీ తెలుసు.

వచ్చినాయన మంచివాడే. చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు. నాన్న ఆయనకి పీట కాదు, వీరాస్వామి బాబాయి ఇంట్లోంచి కుర్చీ తెప్పించి వేశాడు. నన్ను పంపించి సోడా తెప్పించాడు. ఆయన చీర మీద చెయ్యి వేసి, "అబ్బ, ఏం పనితనమండీ! ఎవరిదీ సరుకు?" అన్నాడు. అమ్మ తలుపు వెనక నిలబడి కళ్ళతో, చేతుల్తో, తలతో సైగలు చేస్తోంది. నాన్న అటు చూడనే లేదు.

"మాదేనండి" అన్నాడు.

"నూలు కూడా?"

"నూలూ మాదే, జరీ మాదే. పరాయి సరుకు మా ఇంట్లో నేయమండి."

"మగ్గాలెన్ని?"

"రెండండి."

"రెండూ నడుస్తున్నయ్యా?" అని ఆయన మూలకి చూశాడు. సాలెగూళ్ళు ఆయనకి కనిపించే ఉంటాయి. నాన్నకి ఇంకో అవకాశం ఇచ్చాడేమోనని ఇప్పుడనిపిస్తుంది. నాన్న నవ్వి, "నడవకపోతే ఎందుకుంచుకుంటామండీ" అన్నాడు.

"అయితే మీకేం లోటు లేదన్నమాట."

"మీ దయవల్ల ఏ లోటూ లేదండి" అని నాన్న సంతకం పెట్టి, ఆయన్ని వీధి చివరిదాకా సాగనంపి వచ్చాడు. తిరిగొస్తున్నప్పుడు ఆయన నడక నాకిప్పటికీ గుర్తే. రాజుగారు ఊరేగి వస్తున్నట్టు వచ్చాడు.

గుమ్మంలోనే అమ్మ పట్టుకుంది. "నోరు పడిపోయిందా, షావుకారుదని చెప్పడానికి?" అంది. "చెబితే నేనేంటి, కూలోడినా?" అన్నాడు నాన్న. "కాదా మరి?" అంది అమ్మ. నాన్న చెయ్యెత్తాడు, కొట్టలేదు. గోతిలోకి దిగి కూర్చుని నాడె అందుకున్నాడు. అక్కా నేనూ రాట్నం దగ్గర తలలు వంచుకుని కండెలు చుట్టాం. ఆ రోజు నేనూ పది చుట్టాను.

రెండు నెలలకి పంచాయతీ గోడ మీద జాబితా అంటించారు. అమ్మకి చదువు రాదు, నన్ను తీసుకెళ్ళింది. వీధిలో అందరి పేర్లూ ఉన్నాయి, మా పేరు లేదు. "సరిగ్గా చూడరా" అంది. మూడుసార్లు చదివాను. మూడోసారికి అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది, పేరు లేకపోవడం నా తప్పన్నట్టు. ఒక్కతే బస్సెక్కి ఆఫీసుకి కూడా వెళ్ళొచ్చింది. మీ ఆయనే చెప్పి సంతకం పెట్టాడమ్మా, ఆయనొచ్చి అది తప్పని ఇంకో సంతకం పెడితే మారుస్తాం అన్నారట. ఒక్క సంతకం! నాన్న పెట్టలేదు. వీధంతా సంచులు పట్టుకుని బియ్యానికి బయల్దేరుతుంటే మా తలుపు దగ్గరికి వేసుండేది. ఆ సంచులు చూడకుండా ఉండటానికి అమ్మ, ఆ సంచుల వాళ్ళు తనని చూడకుండా ఉండటానికి నాన్న. బయట కొట్లో బియ్యం కొనాలంటే ఆయన మజూరీలో సగం అక్కడికే పోయేది. ముందు రాత్రి అన్నం పోయింది, తర్వాత పెరుగు పోయింది. గంజి పెట్టే రోజు కోసం ఎదురుచూడటం మొదలెట్టాం, ఆ పిప్పి కోసం. అదీ ఇష్టంలేని నేను.

అక్కని బడి మానమని ఎవరూ అనలేదు. మా ఇంట్లో అలాంటివి పైకి అనరు. అక్క పదో తరగతి. లెక్కల్లో క్లాసు మొత్తం మీద మొదటిది. మాస్టారు రాని రోజు చిన్న క్లాసుల పిల్లలకి ఎక్కాలు అక్కే చెప్పించేది. ఓ సోమవారం మేం బడికి తయారవుతుంటే నాన్న మూలమగ్గం సాలెగూళ్ళు దులుపుతున్నాడు. విరిగిన కర్రలు అప్పటికే మార్పించాడు, గోతిలో మట్టి తోడించాడు. అక్కకేసి చూడకుండా, "నాలుగు పడుగులు నేసి దించేదాకానే అమ్మా. తర్వాత మళ్ళీ వెళ్దువుగాని" అన్నాడు. అక్క అమ్మకేసి చూసింది. అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. అక్క జడలు పైకి మడిచి కట్టుకుని గోతిలోకి దిగింది. కాళ్ళు అందకపోతే నాన్న అడుగున చెక్కముక్క వేశాడు. రెండు మగ్గాలు నడుస్తున్నాయని నాన్న ఆడిన అబద్ధాన్ని నిజం చేసింది మా అక్క. ఆ నాలుగు పడుగులూ అక్క పెళ్ళై మా బావ ఇంటికెళ్ళాక కూడా దిగలేదు. వెళ్ళిన చోటా మగ్గమే.

అక్క జామెట్రీ పెట్టె నాకొచ్చింది. మూత మీద కొత్త రంగు పోలేదు ఇంకా. సంతోషపడ్డాను, సిగ్గులేని వెధవని. ఎనిమిదిలో ఉన్నాను, అంత చిన్నవాణ్ణేం కాదు, తెలుసు నాకు. సాయంత్రం బడి నుంచి వచ్చి వృత్తలేఖినితో సున్నాలు గీసుకుంటుంటే అక్క మగ్గం ఆపకుండానే, "ఇయ్యాళ లెక్కలేం చెప్పార్రా?" అని అడిగేది. మొదట్లో చెప్పేవాణ్ణి. అది వింటూనే నోటితో చేసేసేది, నాకు అర్థం కాకముందే. నాకు ఉక్రోషమొచ్చి చెప్పడం మానేశాను. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. రెండు మగ్గాల మజూరీతో ఇంట్లోకి మళ్ళీ రాత్రి అన్నమొచ్చింది, నాకు కాలేజీ వచ్చింది, ఆ తర్వాత ఉద్యోగమొచ్చింది. నాన్న మాత్రం పోయేదాకా ఎవరొచ్చినా చెప్పేవాడు: "మాది రెండు మగ్గాల ఇల్లండి, ఖాళీ ఉండదు." ఆయన్ని నేను క్షమించానని మా వాళ్ళనుకుంటారు. లేదు. పేదరికాన్ని క్షమించగలను గానీ, దాన్ని కప్పిపెట్టి, ఆ ఖరీదు కూతురి చేత కట్టించినవాణ్ణి నావల్ల కాదు.

ఇంత రాశాక నా సంగతీ రాయాలి, లేకపోతే ఆయన మీద రాయడానికి నాకేం మొహముంది? మొదటి జీతంతో అక్కకి చీర కొనుక్కెళ్ళాను. "నేసేదానికి చీర కొనుక్కొస్తావా, పిచ్చోడా" అని నవ్వి, అంచు తిప్పి చూసి, నేత లూజని చెప్పి, కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత ఏటా ఏదో ఒకటి చెయ్యాలనుకునేవాణ్ణి. ఫ్లాటుకి లోను కట్టాలి, మా అమ్మాయి ఫీజులు, మా అత్తగారి ఆపరేషను. నిజమే, అన్నీ నిజమే, అబద్ధమొక్కటీ లేదు. ఎప్పుడన్నా వెళ్ళి వట్టిచేతులతో నిలబడి, "ధరలు మండిపోతున్నాయక్కా" అనేవాణ్ణి. "అవున్రా, టౌనులో ఎట్టా తట్టుకుంటన్నారో పాపం" అనేది. బావకి ఊపిరితిత్తులు పాడైపోయినప్పుడు కూడా అదే అంది. ఇప్పుడు తనకి నెలనెలా వితంతు పింఛనొస్తుంది, కార్డు మీద బియ్యమొస్తాయి. "ఒకటో తారీకు పొద్దున్నే ఇంటికి తెచ్చిస్తారురా, ఎవర్నీ అడగక్కర్లా" అని ఎంత గొప్పగా చెబుతుందో! ఎవర్నీ అడగక్కర్లేదన్న మాట దగ్గర ప్రతిసారీ నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

కన్ను నయమయ్యాక, "ఇంక నువ్వెక్కడికీ వెళ్ళొద్దక్కా, ఇక్కడే ఉండిపో" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. సరళ కూడా, "అమ్మాయి గది ఖాళీగానే ఉంది కదండీ వదినగారూ" అంది. ఆ రాత్రి పప్పులో నెయ్యి వేస్తే అక్క వద్దనకుండా తింది. మర్నాడు సరళని ఓ చిన్న కుండీ అడిగింది, పుదీనా వేస్తానని. సరేనందన్నమాట. ఇన్నాళ్ళకి ఓ మంచిపని చేశానని నా వీపు నేనే తట్టుకున్నాను. వారం రోజులు ఎవరికి ఫోను చేసినా మా అక్క మా దగ్గరే ఉంటోందని చెప్పుకున్నాను.

ఆ తర్వాత వార్డు నుంచి ఓ అమ్మాయొచ్చింది. పాతికేళ్ళుంటాయి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను, మూడంతస్తులెక్కి ఆయాసపడుతోంది. లిఫ్టు మళ్ళీ పాడైంది. సరళ మంచినీళ్ళిచ్చింది. "సారీ సార్, ఇంటింటికీ మనుషుల వివరాలు సరిచూడమన్నారండీ. ఇంట్లో ఎంతమందుంటారండీ, ఒకే పొయ్యి మీద తినేవాళ్ళు?" అని అడిగింది. "ముగ్గురం" అన్నాను. గట్టిగానే అన్నాను, అక్కకి వినపడాలని. ఆ పిల్ల ఫోనులో చూసి, "ఇద్దరే ఉన్నారు కదండీ ఇందులో. మూడో ఆవిడ?" అంది. మా అక్క అని చెప్పాను. అక్క దగ్గరికొచ్చి ఆధార్ కార్డు ఇచ్చింది. ఆ పిల్ల నెంబరు కొట్టి, వేలు ఆపేసింది.

"అమ్మగారికి చల్లపల్లి వైపు బియ్యం కార్డుంది కదండీ. పింఛను కూడా వస్తుందా అమ్మా?"

"వచ్చిద్దమ్మా. ఒకటో తారీకు" అంది అక్క.

"అయితే ఒక్కమాట సార్. ఇక్కడ మీ ఇంట్లో కలిపితే అక్కడ పేరు పోద్దండీ. మీరు గవర్నమెంటు పింఛను తీసుకుంటున్నారు కదా, మీ ఇంటి మనిషైతే ఈవిడకి ఆ పింఛనూ రాదు, బియ్యం కూడా రావండీ. తర్వాత మళ్ళీ పెట్టించాలంటే చాలా తిరగాలి. చూసి చెప్పండి" అంది. ఆ పిల్లా మంచిదే. ఇంకో అవకాశం ఇచ్చింది.

పోతే పోనీ తల్లీ, ఆ డబ్బులు నెలనెలా నేనిస్తాను, మా అక్కని రాయి. ఇదీ నేననాల్సిన మాట. నోటిదాకా వచ్చింది. సరళకేసి చూశాను. ఆవిడ వద్దనలేదు. ఆవిడ మీదికి నెట్టేద్దామని ఆ తర్వాత చాలా రోజులు ప్రయత్నించాను గానీ, పాపం, ఆవిడ ఏమీ అనలేదు, నేనేమంటానోనని చూస్తూ నిలబడింది అంతే. నేను మాత్రం గ్యాసు బండ, మాత్రలు, లిఫ్టు, అక్క రెండో కంటి ఆపరేషను, అన్నీ ఒక్కసారి తలుచుకున్నాను. ఒక నెల ఇస్తాను, రెండు నెలలిస్తాను, మూడో నెల మర్చిపోతాను, అక్క అడగదు. నా సంగతి నాకు తెలియదా? మా నాన్నకి అబద్ధం చెప్పడానికి పౌరుషమన్నా ఉంది.

"ఈవిడ మీ ఇంటి మనిషేనా సార్? ఏం రాయమంటారు?" అని అడిగిందా అమ్మాయి.

"కాదమ్మా" అన్నాను. "కంటి ఆపరేషనుకని చుట్టపుచూపుగా వచ్చింది. వెళ్ళిపోతుంది."

ఆ పిల్ల థాంక్స్ చెప్పి పక్క ఫ్లాటు బెల్లు కొట్టింది. నేను తలుపు వేసి, వెనక్కి తిరగడానికి ధైర్యం చాలక గడియ సరిగ్గా పడిందా లేదా అని చూస్తూ నిలబడ్డాను. అక్కే దగ్గరికొచ్చి నా భుజమ్మీద చెయ్యి వేసింది. కోపమేమన్నా ఉందేమోనని మొహం వెతికాను. లేదు. నల్లద్దాలు తీసేసి, కొత్త కంటితో నన్ను మెచ్చుకోలుగా చూస్తోంది.

"మంచి పని చేశావురా తమ్ముడూ. ఆ రోజు నాన్నకి ఇంత తెలివుంటే, ఇయ్యాళ నేను కూడా నీ మాదిరి పెద్ద పింఛను తీసుకుంటా ఉండేదాన్ని" అంది.

ఇన్నేళ్ళలో అక్క నోట ఆ రోజు ఊసు నేను వినడం అదే మొదటిసారి. తర్వాత చల్లపల్లి బస్సు ఎన్నింటికుందో కనుక్కోమంది.